గడప దాకా పింఛన్ వచ్చింది, చదువు రాలేదు

నెల మొదట్లో కళ్యాణదుర్గం చుట్టుపక్కల పల్లెల్లో సచివాలయం ఉద్యోగి ముసలివాళ్ల గడప తొక్కుతాడు. 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛన్ 4,000 రూపాయలైంది. కేంద్రం తన పథకం కింద 80 ఏళ్ల లోపు వృద్ధులకిచ్చే వాటా 200 రూపాయలే కాబట్టి, ఈ విషయంలో మన రాష్ట్రాన్ని మెచ్చుకోవాల్సిందే. నా బాధ వేరు. ఆ కుర్రాడు అవ్వ వేలిముద్ర పడిందా లేదా చూసి పోతాడు. అవ్వ ఎట్లా బతుకుతోందో చూడడం అతనికి ఎవరు నేర్పారు?

డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు ముసలివాళ్లకు అర్జీలు రాసిపెడుతుంటాను. ఆధార్‌లో చాలామంది పుట్టినరోజు జనవరి 1. కలుపు తీసీ తీసీ, శెనక్కాయలు ఒలిచీ ఒలిచీ వేళ్ల గీతలు అరిగిపోయినవాళ్లు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లు, అదీ అదనుకు పడదు. కొడుకూ కోడలూ బెంగుళూరులో కట్టడం పనికి పోతే, మనవళ్లను బడికి పంపేదీ, గొర్రెలను చూసుకునేదీ డెబ్బై ఏళ్ల అవ్వే. ఈ కరువు నేల మీద ముసలితనమంటే విశ్రాంతి కాదు, రెండోసారి కాపురం మొదలుపెట్టడం.

“పొలం కొడుకు పేరున రాసిచ్చినా నాయనా, ఇప్పుడు బువ్వ పెట్టడు” అంటారు వచ్చినవాళ్లు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీవో ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించే అధికారం దానికుంది. కాగితం మీద వేలిముద్ర వేసేముందు మాత్రం అందరూ ఒకటే అడుగుతారు: “వాణ్ణి జైల్లో పెట్టరు కదా?”

వాళ్లకు కావాల్సింది కొడుకును కూర్చోబెట్టి మాట్లాడే మనిషి. ఎండిన బోరు, దానికోసం చేసిన అప్పు, కోడలి కోపం, అవ్వకు ముదురుతున్న మతిమరుపు, చట్టం ఇచ్చిన హక్కు, వీటన్నిటినీ కలిపి చూడగలిగిన మనిషి. డాక్టరు రోగం చూస్తాడు, లాయరు కేసు చూస్తాడు. ముసలి మనిషినీ, ఇంటినీ, ఊరినీ కలిపి చదివే శాస్త్రం సోషల్ జెరంటాలజీ. విచారణకు ముందే కేసును రాజీ అధికారికి పంపే వీలు ఆ చట్టంలోనే ఉంది. ఆ పని నేర్చినవాళ్లు ఏరీ?

కొడుకు చూడాల్సిన దానికి డిగ్రీ ఎందుకని కొందరు ఎగతాళి చేస్తారు. పసిబిడ్డలను తల్లులే పెంచుతారు, అయినా 1975లో అంగన్‌వాడీలు పెట్టుకున్నాం. అదే ఏడాది అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ వృద్ధాప్య అధ్యయనానికి ప్రత్యేకంగా ఒక స్కూలు తెరిచింది. రాయలసీమకూ ఈ చదువు కొత్తకాదు. తిరుపతి శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ సైకాలజీ విభాగంలో ప్రొఫెసర్ పి.వి.రామమూర్తి వృద్ధాప్యం మీద పరిశోధన కేంద్రాన్నే నడిపారు. ఆ పరిశోధన పల్లెలో పనిచేసే ఉద్యోగంగా మారకపోవడమే లోటు. 2021 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్ జనాభాలో 60 దాటినవాళ్లు 12.4 శాతం. అంటే ఎనిమిది మందిలో ఒకరు.

1981లో అనంతపురంలో పుట్టిన శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీలో సోషియాలజీ ఉంది, గ్రామీణాభివృద్ధి ఉంది, సోషల్ వర్క్ ఉంది. ఈ మూడూ కలిసి ఏడాది పీజీ డిప్లొమా నడపడం అసాధ్యమేమీ కాదు. సగం చదువు పల్లెల్లోనే జరగాలి. సచివాలయం ఉద్యోగుల కోసం ఆదివారం తరగతులు పెట్టాలి. బెంగుళూరు అపార్ట్‌మెంట్లలో పెద్దవాళ్లను చూసుకునే కంపెనీలకు మనుషులను తయారుచేయడమే లక్ష్యమైతే, అవ్వ ఊళ్లోనే ఒంటరిగా మిగిలిపోతుంది.

విద్యార్థి అడిగే మొదటి ప్రశ్న, “ఉద్యోగం వస్తుందా సార్?” అడగాలి కూడా. చట్టం ప్రకారం జిల్లాకొకటైనా ఉండాల్సిన, 150 మందికి చోటిచ్చే వృద్ధాశ్రమాలకు నిర్వాహకులు కావాలి. 14567 ఎల్డర్‌లైన్‌కు సలహాదారులు కావాలి. ట్రిబ్యునళ్ల దగ్గర రాజీ కుదిర్చేవాళ్లు కావాలి. ఈ పోస్టుల అర్హతల్లో జెరంటాలజీ పేరు లేనంతకాలం ఏ కోర్సు పెట్టినా బెంచీలు ఖాళీగానే ఉంటాయి. అందుకే ముందు కదలాల్సింది ప్రభుత్వం.

వృద్ధుల సంక్షేమ శాఖ ఆ అర్హతను నోటిఫికేషన్లలో చేర్చాలి. యూనివర్సిటీ వచ్చే విద్యాసంవత్సరానికే డిప్లొమా ప్రకటించాలి. ఇక తల్లిదండ్రులకు ఒక మాట: మీ పిల్లలు ఈ చదువు చదువుతామంటే వద్దనకండి. రేపు వాళ్ల అవసరం పడేది మనకే.