లారీ గేరుపెట్టె ఖర్చు ఎవరిది?

ఎద్దు ముసలిదగునని యెరిగిన రైతు ముందుగానే దూడను పెంచుకొనును. లారీని కొన్న సంఘము మాత్రము దాని గేరుపెట్టె అరుగునని తలపోయదు. అది చెడిననాడు పాలకవర్గము సమావేశమై, "అకస్మాత్తుగా పెద్ద ఖర్చు వచ్చిపడినది" అని తీర్మానము వ్రాసికొనును. ఈ "అకస్మాత్తు" అను మాటను మన లెక్కలనుండి తొలగింపవలయునని సభ్య సోదరులకు మనవి.

ఇంజనుయొక్క బలమును తగిన పాళ్ళలో చక్రములకు అందజేయునది గేరుపెట్టె. నిండు బరువుతో కదలునప్పుడును, ఎగువ నెక్కునప్పుడును దాని పండ్లపై పడు ఒత్తిడి మిక్కుటము. పండ్లు, బేరింగులు, గేరు మార్చునప్పుడు వేగములను సమముచేయు కంచురింగులు దినదినము అరుగుచునే యుండును. కందెన వేసినంతమాత్రమున బండి యిరుసు శాశ్వతము కానట్లే, ఎన్ని జాగ్రత్తలు తీసికొన్నను గేరుపెట్టె యొకనాటికి మరమ్మతునకో మార్పునకో వచ్చి తీరును.

అప్పుడు కొత్తది కొనవచ్చును. విప్పి అరిగిన భాగములను మార్పింపవచ్చును. లేదా పాతలారీనుండి తీసినదానిని బిగింపవచ్చును. విజయవాడ ఆటోనగరమువంటి చోట్ల ఈ మూడు తెరగులును దొరకును. పాతది చౌక, కాని దాని ఆయువు ఎంతయో అమ్మువాడును చెప్పజాలడు. పెట్టెను దింపినప్పుడే క్లచ్చిపలకను, దాని బేరింగును పరీక్షింపవలయును. తరువాత అవి చెడినచో మరల పెట్టెను దింపవలసివచ్చి, కూలి రెండుమారులగును. వీనికి తోడు నూనె, సీళ్ళు, దారిలో నిలిచిన లారీని లాగించిన ఖర్చు, పన్ను కలియును. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి గేరుపెట్టెవంటి లారీ భాగములపై వస్తుసేవల పన్ను నూటికి 28 నుండి 18కి తగ్గినది. లక్ష రూపాయల సరుకుపై పదివేలు మిగులుట మేలే. కాని నూర్పిళ్ళ రోజులలో లారీ పదిదినములు వర్కుషాపులో నిలిచి, సభ్యులు బయటి లారీకి అడిగినంత ఇచ్చుకొన్నచో, ఆ మిగులు ఏమూలకు వచ్చును? ఈ నష్టము ఏ బిల్లునందును కనబడదు.

లెక్కకొరకు ఒక అంచనా వేసికొందము. అన్ని ఖర్చులును కలిసి 2,40,000 రూపాయలనియు, గేరుపెట్టె 4,00,000 కిలోమీటర్లు నడచుననియు అనుకొందము. కిలోమీటరునకు 60 పైసలు. రానుపోను నూరు కిలోమీటర్ల ప్రయాణమునకు 60 రూపాయలు. ఆ లారీలో 200 ఎరువుల బస్తాలు వచ్చినచో బస్తాకు 30 పైసలు! ప్రతి సంఘమును తన లారీకి తగిన అంకెలను వేసి చూచుకొనవచ్చును. ఫలితము ఇంచుమించు ఇట్లే యుండును.

ఈ 30 పైసలను తీసియుంచనిచో, చెడిననాడు 400 మంది సభ్యులుగల సంఘము మనిషికి 600 రూపాయల చొప్పున చందా వేయవలయును. ఇందులోని అన్యాయమును గమనింపుడు. పది సంవత్సరములు లారీని వాడుకొన్న పెద్ద రైతు, బస్తాకు 30 పైసలు తక్కువయిచ్చి లాభపడినాడు. నిన్న చేరిన ఎకరము రైతు, ఒక్కబస్తాయైనను వేయకయే, అతనితో సమానముగా 600 రూపాయలు చెల్లింపవలసివచ్చును. ఎవరు వాడుకొనిరో వారే అరుగుదలను భరించుట ధర్మము. నేటి చౌక అద్దె రేపటి సభ్యుని నెత్తిన వ్రాసిన అప్పు.

అద్దె పెంచినచో సభ్యులు బయటి లారీలకు పోవుదురని కొందరందురు. బస్తాకు 30 పైసల కొరకు ఎవరును సంఘమును విడువరు. అవసరమునకు లారీ లేనినాడే విడుతురు. తీసియుంచిన సొమ్ము ఇతర ఖర్చులకు పోవునను భయము మాత్రము నిజమైనది. దానికి మందు గలదు. ఆ సొమ్మును జిల్లా కేంద్ర సహకార బ్యాంకునందు వేరు ఖాతాలో నుంచి, నెలనెల నిలువను సంఘపు గోడపై వ్రాయవలయును. మహాజనసభ తీర్మానము లేనిదే దానిని ముట్టరాదు.

ఖర్చును వాయిదావేయు ఉపాయములును కలవు. తయారీదారు చెప్పిన దూరమునకు గేరు నూనె మార్పింపవలయును. తీసిన నూనెలో ఇనుపముక్కలు కనబడినచో వెంటనే పెట్టెను విప్పించి చూపవలయును. డ్రైవరు క్లచ్చిపై కాలుంచి నడపుట మానవలయును. అధికభారమును ఎత్తరాదు. 2019లో సవరించిన మోటారువాహనముల చట్టమునందు దీనికి జుల్మానా 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకు మరి 2,000. పట్టుబడకున్నను గేరు పండ్లు తమ జుల్మానాను రహస్యముగా వసూలు చేయుచునే యుండును. మరమ్మతు చేయించునప్పుడు పాత భాగములను వెనుకకు తెచ్చికొని, పూచీని కాగితముపై వ్రాయించుకొనవలయును.

రాబోవు మహాజనసభలో ప్రతి సభ్యుడును ఒక్కప్రశ్న వేయుగాక: "మన లారీ ఇంతవరకు ఎన్ని కిలోమీటర్లు నడచినది? దాని అరుగుదలకై ఎంత నిలువయున్నది?" రెండవదానికి సమాధానము సున్న యైనచో, ఆ యేడు చూపిన లాభము లాభము కాదు, ఇంకను రాని బిల్లుయొక్క సొమ్ము.