సూదికి ముందు మాట

ముప్పదిరెండేండ్లు నల్లబల్ల ముందు నిలబడి ఛందస్సు చెప్పిన నడుము నాది. పదవీ విరమణ అయిన కొన్నాళ్ళకు అది కూడా విరమణ కోరింది. ఎడమ పిరుదు దగ్గర మొదలైన నొప్పి తొడ వెనుక నుండి పిక్క దాకా దిగి, చివరకు అమరేశ్వరుని గుడి మెట్లు ఎక్కడం కూడా మానిపించింది. మాత్రలు, తైలాలు, కాపడాలు, ఫిజియోథెరపీ అన్నీ అయినవి. గుంటూరులో ఒక ఆసుపత్రివారు ఎమ్మారై చూచి వెన్నులో స్టెరాయిడ్ సూది వేయించుకొమ్మన్నారు. వేయించుకొన్నాను. సూది మీద నాకు ఫిర్యాదు లేదు. దానికి ముందు జరగవలసి ఉండి జరగని సంభాషణ గూర్చియే ఈ టపా.

ఆనాడు నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే. "నొప్పి సున్న నుండి పది వరకు ఎంత?" జీవితమంతా మార్కులు వేసినవాడిని గనుక మొగమాటం లేకుండా ఏడు వేసుకొన్నాను. తరువాత ఆంగ్లంలో ఉన్న అంగీకార పత్రం మీద నాలుగు చోట్ల సంతకం పెట్టించారు. నేను కూడబలుక్కొని కొంత చదువగలిగాను. నా ప్రక్క మంచం మీది పెద్దాయన వ్రేలిముద్ర వేశాడు. ఆయన దేనికి అంగీకరించాడో ఆ అమరేశ్వరునికే తెలియాలి.

ఏడు అన్న అంకె నా నొప్పి గూర్చి ఏమి చెప్పింది? ఏమీ చెప్పలేదు. మన పల్లె తెలుగులో నొప్పికి ఉన్నన్ని మాటలు చూడండి. పోటు వేరు, సలుపు వేరు. గుంజు వేరు, తీపు వేరు. తిమ్మిరి, మంట, మొద్దుబారడం, కలుక్కుమనడం, జివ్వుమనడం, పట్టివేయడం – వీటిలో ఏ రెండూ ఒకటి కావు. "కాలు గుంజుతోందయ్యా" అన్నవాడు నరం గూర్చి చెప్తున్నాడు. "వంగి లేస్తే పట్టేస్తోంది" అన్నవాడు ప్రధానంగా కండరాల, కీళ్ళ గూర్చి చెప్తున్నాడు. చరకుడు వాతవ్యాధులలో గృధ్రసి అన్నదానికి విడిగా పేరు పెట్టి, నొప్పి పిరుదు వద్ద పుట్టి నడుము, తొడ, మోకాలు, పిక్క, పాదము వరుసగా దిగే త్రోవను చెప్పాడు. గృధ్రమనగా గ్రద్ద, రోగి నడక అలా ఉంటుందని ఆ పేరట. నేటి వైద్యులు సయాటికా అనేదానికి ఇంతకంటె దగ్గరి వర్ణన నాకు కనబడలేదు. అటువంటి భాషను ప్రక్కకు నెట్టి సున్న నుండి పది అంటున్నాము.

ఈ తేడాతో పని ఏమిటని చదువరులు అడుగవచ్చు. సూది ఫలించేదీ ఫలించనిదీ ఈ తేడా మీదనే చాలావరకు ఆధారపడి ఉన్నది. వెన్నుపాముకు పై తొడుగుగా ఒక పొర ఉంటుంది. ఆ పొరకు వెలుపల ఉన్న జాగాలోకి మందు ఎక్కించడమే ఎపిడ్యూరల్. 1901లో పారిస్‌లో సికార్, కాథెలాఁ అనే ఇద్దరు వైద్యులు వేరువేరుగా కొకెయిన్‌తో ఈ పని మొదలుపెట్టారు. స్టెరాయిడ్ వాడుక 1950ల నాటిది. డిస్కు లోపలి గుజ్జు బయటికి వచ్చి నరం మొదలును ఒరుసుకొన్నప్పుడు అక్కడ వాపు పుడుతుంది. స్టెరాయిడ్ ఆ వాపును చల్లారుస్తుంది, అంతే. జారిన డిస్కును వెనుకకు నెట్టదు, అరిగిన ఎముకను పూడ్చదు. చాలామందిలో ఆ గుజ్జు కొన్ని నెలలలో తనంతట తానే కుంచించుకొంటుంది; సూది అంతవరకు ఓర్పును అరువు ఇస్తుంది. (ఊరిలో ఆర్‌ఎంపీ తుంటికి పొడిచే స్టెరాయిడ్ సూది ఇది కాదు. రెంటినీ ఒకే పేరుతో పిలిచి జనం తికమకపడుతున్నారు.)

కనుక నొప్పి కాలిలోకి దిగేవారికి కొంత మేలు ఉన్నది. అమెరికా నాడీవైద్యుల అకాడమీ 2025లో ప్రకటించిన సమీక్ష ప్రకారం, సూది వేయించుకోనివారికంటె వేయించుకొన్నవారిలో నూటికి 24 మంది ఎక్కువగా, మూడు నెలల దాకా, నొప్పి తగ్గినదన్నారు. కాలువ ఇరుకై, నడిస్తే కాళ్ళు బరువెక్కి, సైకిలు పట్టుకొని ముందుకు వంగితే హాయి అనిపించే ముసలివారి సంగతి వేరు. 2014లో 400 మంది మీద జరిగిన పరీక్షలో, వట్టి మత్తుమందు సూదికీ స్టెరాయిడ్ కలిపిన సూదికీ ఆరు వారాల నాటికి చెప్పుకోదగిన తేడా కనబడలేదు. ఇక నడుములోనే ఉండి కాలికి దిగని పాత నొప్పికి ఇది దాదాపు వ్యర్థం. బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2025లో ప్రకటించిన మార్గదర్శకాలు ఇంకా ముందుకు పోయి, మూడు నెలలు దాటిన వెన్నునొప్పికి, అది కాలికి దిగినా దిగకపోయినా, ఈ సూదులు వద్దనే గట్టిగా చెప్పినవి. పండితులలో ఏకాభిప్రాయం లేదన్నమాట. లేదన్న సంగతి అయినా రోగికి చెప్పవద్దా?

అపాయాలు అరుదు. అయినా చూపు పోవడం, పక్షవాతం, మరణం వరకు సంభవించవచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లో హెచ్చరించింది. అంతకు రెండేళ్ళ ముందు అక్కడ బూజు పట్టిన స్టెరాయిడ్ సీసాల వల్ల 700 మందికి పైగా జబ్బుపడి 60 మందికి పైగా చనిపోయారు. నాకు అటువంటిది ఏదీ జరగలేదు. వారం రోజులు షుగరు మాత్రం మూడువందలు దాటింది. స్టెరాయిడ్‌తో అలా అవుతుందని ఆ మందుల చీటీ వ్రాసినవారికి తెలియనిది కాదు. ఒక్క వాక్యం చెప్పి ఉంటే నేను కంగారుపడి రాత్రిపూట తాడికొండ మీదుగా గుంటూరుకు ఆటోలో పరుగెత్తేవాడిని కాదు. ఆ కుదుపులకు సూది ఫలం సగం అక్కడే పోయిందని మా ఆవిడ అభిప్రాయం.

నొప్పి ఏడు వారాలు తగ్గి, మరల వచ్చింది. ఏడు వారాలే గదా, దండుగ అనుకొన్నాను. నా అభిప్రాయాన్ని సరిదిద్దినది మా వీధిలో మిరప కోతకు పోయే ఒకావిడ. యాభై దాటిన మనిషి. రెండు సూదులు వేయించుకొని, మూడవదానికి అప్పు కోసం తిరుగుతూ మా అరుగు మీద కూర్చున్నది.

"మాస్టారూ, మీకు తగ్గిందా అండీ?"

"తగ్గింది గాని నిలవలేదమ్మా. ఏడు వారాలు."

"ఏడు వారాలా అండీ! కోతలు అయిపోతాయి గదా!"

నాకు మాట రాలేదు. పింఛను తినేవాడి ఏడు వారాలు, మిరప చేలో వంగి కాయ కోసేవారి ఏడు వారాలు ఒకటి కావు. వచ్చేదే నిజమైతే ఆ ఏడు వారాలకు అప్పు చేయవచ్చును. కాని ఆమెను అడిగితే తేలినది: నొప్పి నడుము దాటి ఎన్నడూ క్రిందికి రాలేదు. మొదటి సూది పది రోజులు పనిచేసింది, రెండవది నాలుగు రోజులు. ఎక్కడ నొప్పి, ఎటు పోతుంది అని ఎవ్వరూ అడుగలేదట. ఆమె కూడా పదికి తొమ్మిది వేసి వచ్చింది.

వైద్యులకు తీరిక లేదన్నది నేనెరుగుదును. యార్డులో మిర్చి బస్తాలు మోసే ముఠావారు, పత్తి తీసేవారు, నా వంటి ముసలివారు, అందరూ ఆ బెంచీల మీదనే ఉంటారు. అయినా సూది వేయడానికి దొరికే అరగంటలో, "ఇది జబ్బును మాన్పదు, ఇన్నాళ్ళు ఉండవచ్చు, ఉండకనూ పోవచ్చు, షుగరు పెరుగుతుంది, ఇంతవుతుంది, మూత్రం ఆగిపోయినా కాలు పడిపోయినా వెంటనే రావాలి" అని తెలుగులో చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. అంగీకార పత్రం తెలుగులో అచ్చువేయడానికి అదీ అక్కరలేదు. అచ్చుతప్పులు దిద్దడానికి విశ్రాంత పండితులు జిల్లాకు వందమంది దొరుకుతారు, ఉచితంగా.

అప్పు ఆపి, ముందు మరొక వైద్యుని వద్దకు పోయి వ్యాయామాల సంగతి అడుగుమన్నాను. చూపడానికి ఒక చీటీ వ్రాసి ఇచ్చాను. ఆమెకు చదువు రాదు గనుక చదివి వినిపించాను: "నడుములో సలుపు."

"సలుపు కాదండీ. వంగి లేసేటప్పుడు కలుక్కుమంటది. రాత్రిళ్ళు పట్టేసినట్టు ఉంటది."

కొట్టివేసి అలాగే వ్రాశాను.

"కాలికి రాదని కూడా రాయండి, మాస్టారూ."