పెద్దింటి పంతులు

కొందరికి తల్లిదండ్రులు పెట్టిన పేరు నిలుస్తుంది. కొందరికి లోకం పెట్టిన పేరు నిలుస్తుంది. 1941లో క్లారెన్స్ గెయిన్స్ అనే కుర్రవాడు అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో మోర్గన్ కళాశాల గుమ్మం ఎక్కాడు. ఆరడుగులు దాటిన ఎత్తు, దానికి తగ్గ లావు. చూసిన ఉద్యోగి ఒకాయన, నీకంటే పెద్దది నేను చూసింది ఇల్లొక్కటే నాయనా అన్నాడట. అంతే, నాటినుంచి ఆయన ‘బిగ్ హౌస్’ గెయిన్స్. మన భాషలో చెప్పుకుంటే పెద్దింటివారన్నమాట!

ఆయన 1923లో కెంటకీ రాష్ట్రంలో పుట్టాడు. ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఆ రోజుల్లో నల్లజాతి విద్యార్థికి చోటు లేదు. మోర్గన్ నల్లజాతివారి కళాశాల. అక్కడ రసాయనశాస్త్రం చదివాడు. పళ్ళ డాక్టరు కావాలని కోరిక. 1945లో పట్టా పుచ్చుకొని, నార్త్ కరొలైనా రాష్ట్రం విన్‌స్టన్-సేలంలో, బడిపంతుళ్ళను తయారుచేసే ఒక చిన్న కళాశాలలో సహాయకుడుగా కుదిరాడు. మరుసటేడు పైనున్నాయన వెళ్ళిపోవడంతో బరువంతా ఈయన నెత్తిన పడింది. ఫుట్‌బాల్ ఈయనే నేర్పాలి, బాస్కెట్‌బాల్ ఈయనే నేర్పాలి. దెబ్బ తగిలిన ఆటగాణ్ణి చూసుకొనేదీ, టిక్కెట్ల లెక్క చూసేదీ ఈయనే. చిన్న కాలేజీలో పనిచేసిన పంతులెవరికీ ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు!

అన్నట్టు, ఆ ఫుట్‌బాల్ మనం కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకన పెట్టుకొని పరుగెత్తే అమెరికా ఆట. కొన్నేళ్ళకు దాన్ని వదిలి, గెయిన్స్ బాస్కెట్‌బాల్‌కే అంకితమయ్యాడు.

1967లో ఆయన జట్టు 32 ఆటలాడి 31 గెలిచింది. ఎర్ల్ మన్రో అనే శిష్యుడు ఆటకు సగటున 41.5 పాయింట్లు చేశాడు. జాతీయ సంఘంవారి చిన్న కళాశాలల పోటీలో చివరి ఆట 77-74తో గెలిచి, బాస్కెట్‌బాల్‌లో ఆ సంఘపు విజేత అయిన మొదటి నల్లజాతి కళాశాలగా విన్‌స్టన్-సేలం పేరు తెచ్చుకొంది.

అసలు కథ ఇక్కడే ఉన్నది. దక్షిణాది పెద్ద విశ్వవిద్యాలయాలు అంతవరకు మూసి ఉంచిన తలుపులు ఆ కాలంలోనే ఒక్కొక్కటే తెరిచాయి. కెంటకీ విశ్వవిద్యాలయం 1969లోగాని తన బాస్కెట్‌బాల్ జట్టుకు నల్లజాతి ఆటగాణ్ణి తీసుకోలేదు. పెద్ద చోట పెద్ద మైదానాలు, టెలివిజను, పేరు! ఒకప్పుడు గెయిన్స్ గుమ్మం తొక్కవలసిన పిల్లలు అటు నడిచారు. ఎందుకు నడవరు? ఆయన మాత్రం కదలలేదు. వచ్చినవారికే ఆట నేర్పుతూ 1993 దాకా ఉన్నాడు. మొత్తం 47 ఏళ్ళు. 828 గెలుపులు, 447 ఓటములు. ఆనాటికి జాతీయ సంఘపు లెక్కల్లో ఆయనకంటే ఎక్కువ గెలిచినవాడు అడాల్ఫ్ రప్ ఒక్కడే. ఆ రప్ గురువుగా ఉన్నది ఎక్కడనుకున్నారు? కెంటకీ విశ్వవిద్యాలయంలోనే.

గెయిన్స్ 2005లో కన్నుమూశాడు. శిష్యుడి చేతిలో ఓడిపోవాలని గురువు కోరుకోవాలంటారు మన పెద్దలు. ఆ 447 ఓటముల్లో కొన్నయినా, తనకు మూసిన తలుపులు తన పిల్లలకు తెరుచుకున్నందువల్ల వచ్చినవి. వాటిని ఏ పద్దు కింద వ్రాయాలో మీరే చెప్పండి.