కలంకారీ కళాకారుని దినచర్య

కళాసృష్టిని గురించి లోకంలో ఒక అభిప్రాయం బలంగా పాతుకొని ఉంది. ఏదో ఒక శుభఘడియలో కళాకారుని మనస్సులో భావం మెరుపులా మెరుస్తుందని, అతని చేయి తనంత తానే కదులుతుందని, ఒక గొప్ప చిత్రం ఆవిర్భవిస్తుందని చాలామంది నమ్ముతారు. ఈ నమ్మకంలో అందం ఉంది; సత్యం మాత్రం స్వల్పం. దీనివల్ల కలిగే నష్టం చిన్నదేమీ కాదు. తనకు సహజ ప్రతిభ లేదని ఒక విద్యార్థి కుంచెను, మరొక విద్యార్థి కవిత్వాన్ని, వేరొకరు గణితాన్ని దూరం చేసుకోవడానికి ఈ నమ్మకమే కారణమవుతున్నది. ప్రతిభ ఉన్నదనుకొనేవారు సైతం మనస్సు కుదిరినప్పుడు చేయవచ్చునంటూ రోజులు గడిపివేస్తారు. నిత్యం పనిచేసే చిత్రకారుని దినచర్యను దగ్గరగా పరిశీలిస్తే ఈ భ్రమ తొలగిపోతుంది. అందుకు స్వర్ణముఖీ తీరంలోని శ్రీకాళహస్తి కలంకారీ చిత్రకారుల జీవితం చక్కని నిదర్శనం.

శ్రీకాళహస్తి నేడు తిరుపతి జిల్లాలో ఉంది. రామాయణ, భారత, భాగవత గాథలను నూలు వస్త్రంపై చిత్రించడం ఇక్కడి సంప్రదాయం. కృష్ణా జిల్లా పెడనలో చెక్క అచ్చులతో వస్త్రంపై అద్దకం చేస్తారు. శ్రీకాళహస్తిలో ప్రతి రేఖనూ చేతితోనే గీస్తారు. ఇరవయ్యవ శతాబ్దిలో ఆదరణ కరువై ఈ కళ క్షీణదశకు చేరుకొన్నది. 1950ల చివరలో కమలాదేవి చటోపాధ్యాయ వంటివారి కృషి వల్ల అక్కడ శిక్షణ కేంద్రం వెలిసింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య అందులో కొత్త తరానికి విద్య నేర్పారు. ఆయన కుమారుడు గురప్పశెట్టికి 2008లో భారత ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారం అందజేసింది. ఒకప్పుడు కొద్దిమంది పురుషుల చేతిలో మిగిలిన ఈ విద్యను నేడు ఎందరో స్త్రీలు కూడా జీవనాధారంగా స్వీకరించారు.

కలంకారీ చిత్రకారుని పని బొమ్మతో మొదలు కాదు, బట్టతో మొదలవుతుంది. ముందుగా నూలు వస్త్రాన్ని ఉతికి గంజి పోగొట్టాలి. తరువాత కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన ద్రవంలో దానిని నానబెట్టి, పిండి, ఎండబెట్టాలి. పాలలోని కొవ్వు రంగును అటూ ఇటూ పాకనివ్వదు. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసినప్పుడు నలుపు పుడుతుంది. ఆ నల్లరంగు పేరు కసిమి. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను, బెల్లాన్ని నీటిలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితేగాని కసిమి సిద్ధం కాదు. కలాన్ని కూడా చిత్రకారుడే తయారు చేసుకొంటాడు. వెదురుపుల్ల కొనను సన్నగా చెక్కి, ఆ కొనకు కొంచెం పైన ఉన్నిగుడ్డ చుట్టి, దారంతో బిగిస్తాడు. ఉన్ని రంగును పీల్చి నిలుపుకొంటుంది. వేళ్ళతో మెల్లగా నొక్కితే ఆ రంగు కొనకు దిగుతుంది.

ఈ పనులేవీ చూపరుల కంటబడవు. చిత్రాన్ని మెచ్చుకొనేవారు బట్ట నానిన తీరును మెచ్చుకోరు. కాని నానబెట్టడంలో లోపం జరిగితే ఆ లోపం కొన్ని రోజుల తరువాత రంగులో బయటపడుతుంది. అప్పుడు దిద్దుకోవడం కష్టం. పేరు తెచ్చిపెట్టని పనే పేరు నిలబెట్టే పని అన్నది ఈ దినచర్య నేర్పే మొదటి పాఠం. పరీక్షలో జవాబు రాసే మూడు గంటలే చదువు అనుకొనే విద్యార్థి గ్రహించవలసిన సత్యమిది. పదాల అర్థాలు వెదకడం, సమాసాలు విడదీయడం, లెక్కను మళ్ళీ మొదటినుంచి చేయడం వంటివన్నీ బట్ట నానబెట్టడం వంటివే.

చింతబరికను కాల్చి చేసిన బొగ్గుతో చిత్రకారుడు తొలి ఆకృతిని గీస్తాడు. దానిని దులిపివేయవచ్చు, మార్చవచ్చు. కసిమితో గీసిన రేఖ అటువంటిది కాదు. అది కరక్కాయ పట్టించిన బట్టను తాకి నల్లబడిన తరువాత చెరిపివేసే ఉపాయం దాదాపు లేదు. ఆ రేఖ గీసే చేతికి భయం ఉండకూడదు, అజాగ్రత్తా ఉండకూడదు. ఈ రెండూ లేని స్థితి ఒక్కరోజులో సిద్ధించదు. సీతాదేవి కనుబొమను వంద బట్టలపై గీసిన చేయి నూటొకటవ బట్టపై తడబడదు. చూసేవారు ఆ నైపుణ్యాన్ని వరమని అంటారు; గీసినవానికి మాత్రం అది గడచిన రోజుల మొత్తం.

ఎరుపు రంగు విషయం మరింత విచిత్రమైనది. ఎర్రగా కనిపించవలసిన చోట చిత్రకారుడు ఎరుపు పూయడు. దాదాపు రంగులేని పటిక ద్రవాన్ని పూస్తాడు. ఆ పూత ఆరిన తరువాత బట్టను పారే నీటిలో జాడించి అధికంగా ఉన్న పటికను తొలగిస్తారు. ఆపైన ఎర్రరంగునిచ్చే వేళ్ళు, చెక్కలు వేసిన నీటిలో బట్టను ఉడికిస్తారు. అప్పుడుగాని పటిక తగిలిన చోట ఎరుపు ఉదయించదు. తక్కిన చోట అంటిన లేత ఛాయ పోవడానికి బట్టను పేడనీటిలో నానబెట్టి, ఎండలో పరచి, నీరు చిలకరిస్తారు. కరక్కాయ పువ్వుతో పసుపుపచ్చ, నీలిమందుతో నీలం, ఆ నీలంపై పసుపు పూస్తే ఆకుపచ్చ, ఇవి చివరి దశలో వస్తాయి. పూసిననాడు కనబడని ఎరుపు కోసం కళాకారుడు రోజులకొలదీ ఎదురుచూస్తాడు. తన శ్రమ వ్యర్థం కాలేదని అతనికి చెప్పేది కన్ను కాదు, అనుభవం. నేటి యువతరానికి లోపిస్తున్నది ఈ ఓర్పే. నిన్న చదివినది నేడు ఫలించలేదని నిరాశపడేవారికి పటిక పూత మంచి ఉపమానం.

ఇక్కడ ఒక ప్రశ్న ఉదయిస్తుంది. ప్రతిదినం ఒకే పని, ఒకే కథ, ఒకే క్రమం. ఇందులో సృజనకు చోటెక్కడ? ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. యంత్రం కూడా ఒకే పనిని పదేపదే చేస్తుంది. దానిని కళాకారుడని ఎవరూ అనరు. అయితే తేడా ఒకటి ఉంది. యంత్రం నిన్నటి పనిని పరిశీలించుకోదు. చిత్రకారుడు పరిశీలించుకొంటాడు. నిన్న కసిమి పలుచనైతే నేడు దిద్దుతాడు. ఎండ తక్కువైతే మరొక పూట ఆగుతాడు. పట్టాభిషేక ఘట్టాన్ని ఇద్దరు చిత్రకారులు ఒకే సంప్రదాయంలో చిత్రించినా హనుమంతుని కళ్ళలోని భక్తి ఇద్దరి చేతిలో ఒకే తీరుగా ఉండదు. చేయి కష్టపడవలసిన పనులన్నీ అభ్యాసం వల్ల సులభమైనప్పుడు, మనస్సుకు ఆ కళ్ళను గురించి ఆలోచించే తీరిక దొరుకుతుంది. కాబట్టి నియమం సృజనకు సంకెల కాదు. దానికి తీరికను సంపాదించిపెట్టే సాధనం.

ఈ సత్యం ఒక ప్రాంతానికే పరిమితమైనది కాదు. జపాను చిత్రకారుడు హొకుసాయ్ 1760లో జన్మించి 1849లో మరణించాడు. ప్రపంచ ప్రసిద్ధమైన మహాతరంగ చిత్రాన్ని ఆయన 1831 ప్రాంతంలో, అంటే డెబ్బై ఏళ్ళ వయస్సులో రూపొందించాడు. కీర్తి వచ్చిన తరువాత ఆయన విశ్రమించలేదు. ఎనభై ఏళ్ళు దాటాక 1842, 1843 సంవత్సరాలలో కీడు తొలగాలనే భావనతో ప్రతి ఉదయమూ ఒక సింహం బొమ్మ గీసేవాడు. వాటిలో రెండు వందలకు పైగా నేటికీ మిగిలి ఉన్నాయి. అంతటి చిత్రకారునికే నిత్యాభ్యాసం అవసరమైనప్పుడు పదిహేడేళ్ళ విద్యార్థి అభ్యాసాన్ని చిన్నచూపు చూడడం తగునా?

మన ప్రాచీన ఆలంకారికులు కూడా ఈ విషయాన్ని విస్మరించలేదు. దండి కావ్యాదర్శంలో సహజ ప్రతిభతోపాటు శాస్త్రజ్ఞానాన్ని, ఎడతెగని అభ్యాసాన్ని కావ్యానికి కారణాలుగా పేర్కొన్నాడు. ప్రతిభ లేనివాడు కూడా చదువుతో, ప్రయత్నంతో సేవిస్తే సరస్వతి అతనిని కొంతైనా అనుగ్రహిస్తుందని ధైర్యం చెప్పాడు. మమ్మటుడు కావ్యప్రకాశంలో మరొక అడుగు ముందుకు వేశాడు. శక్తి, నిపుణత, అభ్యాసం అనే మూడూ వేర్వేరు కారణాలు కావని, మూడూ కలిసి ఒకే కారణమని ఆయన నిర్ణయం. ఆయన చెప్పిన అభ్యాసం సైతం ఒంటరిగా చేసేది కాదు. తెలిసినవారి శిక్షణలో చేసేది. తప్పును తప్పని చెప్పే గురువు లేని అభ్యాసం తప్పునే గట్టిపరుస్తుంది. శ్రీకాళహస్తి శిక్షణ కేంద్రం ఒక కళను బ్రతికించగలిగిందంటే అందుకు కారణం ఇదే. అక్కడ చేతులతోపాటు ఆ చేతులను దిద్దే కళ్ళు కూడా ఉన్నాయి.

అభ్యాసాన్ని పొగడడంతో బాధ్యత తీరిపోదు. నేడు కలంకారీ నమూనాలు యంత్రాలపై ముద్రితమై తక్కువ ధరకు సంతలోకి వస్తున్నాయి. కొనేవారిలో చాలామంది రెండింటికీ గల భేదాన్ని గుర్తించలేరు. గుర్తించినా చేతిపనికి ధర ఎక్కువని వెనుదిరుగుతారు. వారాల తరబడి సాగిన శ్రమకు గంటలలో తయారైన వస్తువుతో పోటీ పెట్టడం న్యాయం కాదు. తల్లిదండ్రుల చేతిలో కలాన్ని చూస్తూ పెరిగిన పిల్లలు ఆ కలాన్ని పట్టుకోవడానికి వెనుకాడితే తప్పు వారిది కాదు. శ్రమను గౌరవించడం అంటే సన్మానసభలో శాలువా కప్పడం మాత్రమే కాదు. ఆ శ్రమకు తగిన మూల్యం చెల్లించడం కూడా.

విద్యార్థులందరూ చిత్రకారులు కానక్కరలేదు. కాని ప్రతి ఒక్కరికీ తమదైన బట్ట ఒకటి ఉంటుంది, తమదైన కలం ఒకటి ఉంటుంది. ఆ బట్టను ప్రతిదినం సిద్ధం చేసుకోవడం, చెరగని రేఖను భయం లేకుండా గీయగల చేతిని పెంచుకోవడం, కనబడని రంగు ఉదయించేవరకు ఓర్పు వహించడం ఎవరికైనా సాధ్యమే. ప్రతిభ ఎవరికి ఎంత ఉన్నదో ముందుగా తేల్చగలవారు లేరు. రేపటి ఉదయం పనికి కూర్చోవడం మాత్రం ఎవరి చేతిలో వారికే ఉంది.