ఏం చదువుతున్నారు... ఎన్నో పేజీలో ఉన్నారు?

ఎవరినైనా జీతమెంతని అడిగితే మొహమాటపడతారు. వయసెంతని అడిగితే నవ్వేసి ఊరుకుంటారు. 'ఈమధ్య ఏం పుస్తకం చదువుతున్నారు?' అని అడిగి చూడండి, ఆ రెంటికన్నా ఎక్కువ ఇబ్బంది పడతారు. కొందరు 'టైమెక్కడుందండీ' అంటారు. కొందరు కాలేజీ రోజుల్లో చదివిన 'మహాప్రస్థానం' పేరు చెప్పి గట్టెక్కుతారు. ఇంకొందరు ఇంగ్లీషులో ఓ లావుపాటి పుస్తకం పేరు చెబుతారు. అందులో గుర్తుగా పెట్టిన బస్సు టికెట్టు ఆర్నెల్లుగా ఇరవయ్యో పేజీ దాటలేదన్న సంగతి ఇంట్లోవాళ్లకు మాత్రమే తెలుసు!

అందుకని రెండు నెలలుగా నేను ప్రశ్న కొంచెం మార్చి అడుగుతున్నాను. ఏం చదువుతున్నారు? ఎన్నో పేజీలో ఉన్నారు? ఎలా ఉంది? షరతు ఒక్కటే, 'బాగుంది' అనకూడదు. పెళ్లిభోజనం చేసి చేయి కడుక్కుంటూ అందరూ అనే మాట అది. పులుసులో ఉప్పు తగ్గిందో, గుత్తివంకాయ అదిరిందో దాన్నిబట్టి తెలియదు. షరతు వినగానే కొందరు తప్పించుకున్నారు. మిగిలినవాళ్లు చెప్పినవి మాత్రం నలుగురితో పంచుకోదగ్గవి.

అతని కారు, ఆమె జీతం

మా అపార్ట్‌మెంటులో డెబ్భై దాటిన పిన్నిగారు ఒకరున్నారు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' మళ్లీ మొదలుపెట్టారు. 1960ల్లో వచ్చిన నవల అది. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమాగానూ వచ్చింది. "అప్పట్లో రాజశేఖరం వస్తున్నాడంటే నా గుండె దడదడలాడేది. ఇప్పుడు అతనున్న పేజీలు గబగబా తిప్పేస్తున్నా. జయంతి ఉద్యోగానికి వెళ్లే చోట ఆగుతున్నా. సొంత కాళ్ల మీద నిలబడాలనుకున్న పిల్ల! ఆ రోజుల్లో మా అందరికీ అతని కారే కనిపించింది. ఆ పిల్ల జీతం ఒక్కరికీ కనబడలా" అన్నారావిడ. పుస్తకం అదే, అక్షరాలూ అవే. మారింది పిన్నిగారి కళ్లజోడు.

కోర్టు దగ్గర ఓ వకీలుగారి గుమస్తా 'కన్యాశుల్కం' మూడోసారి చదువుతున్నాడు. గురజాడ 1897లో అచ్చువేసి, 1909లో బాగా పెంచి తిరగరాసిన నాటకం. "గిరీశం గురించీ మధురవాణి గురించీ అందరూ చెబుతారు సార్. నాకైతే అగ్నిహోత్రావధాన్లే కళ్ల ముందు కనిపిస్తాడు. అలాంటివాళ్లు మా ఆఫీసుకి వారానికి ఇద్దరొస్తారు. పొలం పోయినా ఫర్వాలేదు, దావా మాత్రం గెలవాలి! ఆ సీన్లు చదువుతుంటే నవ్వొస్తుంది, తర్వాత మా ఫీజు బిల్లు గుర్తొచ్చి నవ్వు ఆగిపోతుంది" అన్నాడు. నూరేళ్లు దాటిన నాటకానికి కోర్టు వరండాలో పడిన తీర్పు ఇది. ఏ పీహెచ్‌డీకీ తీసిపోదు.

చివరి పేజీలో పేర్లు

డిగ్రీ చదువుతూ సాయంత్రాలు ఇంటింటికీ భోజనం పార్శిళ్లు అందించే కుర్రాడు 'ఏడు తరాలు' చదువుతున్నాడు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్నాడట. అలెక్స్ హేలీ 1976లో ఇంగ్లీషులో రాసిన 'రూట్స్'కు సహవాసి చేసిన తెలుగు ఇది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఆఫ్రికాలో స్వేచ్ఛగా పెరిగిన కుంటా కింటేని పట్టుకెళ్లి అమెరికాలో బానిసగా అమ్మేస్తారు. పేరు కూడా మార్చేస్తారు. అతను మాత్రం అసలు పేరు మర్చిపోడు. కూతురికి చెబుతాడు, ఆమె తన కొడుక్కి చెబుతుంది. అలా తరాల మీదుగా ఆ పేరు బతుకుతుంది.

"సగంలో పుస్తకం మూసి మా నాన్ననడిగాను, మీ తాతగారి నాన్న పేరేంటి అని. ఆయనకి తెలీదు. ఊళ్లో మా నాయనమ్మకి ఫోన్ చేశాం. ఆమెకు తెలుసు. ఒక్కటి కాదు, అటువైపూ ఇటువైపూ కలిపి తొమ్మిది పేర్లు చెప్పింది. పుస్తకం చివర ఖాళీ పేజీలో రాసుకున్నా" అన్నాడా అబ్బాయి. ఎక్కడి ఆఫ్రికా, ఎక్కడి మన పల్లెటూరి నాయనమ్మ! చదువు రాని ఆ పెద్దావిడ దగ్గరున్న తొమ్మిది పేర్లు ఈ పుస్తకం లేకపోతే ఆమెతోనే పోయేవి.

జనగామ ప్రాంతంలో పనిచేసి రిటైరైన మాస్టారు దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' చదువుతున్నారు. నిజాం కాలంలో తెలంగాణ పల్లె, గడీలో దొర, దొర చేతికింద బతుకులు. "అందులో ఆడబాప అన్న మాట దగ్గర ఆగిన. మా నాయనమ్మ నోట చిన్నప్పుడు విన్న మాట అది. ఏందని అడిగితే చెప్పకపోయేది, 'నీకెందుకురా' అని కసిరేది. ఎందుకు కసిరేదో డెబ్భై ఏళ్లకు తెల్సింది నాకు" అన్నారు. ఆ తర్వాత ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

అనంతపురంలో విత్తనాల కొట్టు నడిపే పెద్దమనిషి బండి నారాయణస్వామి 'శప్తభూమి' చదువుతున్నాడు. పద్దెనిమిదో శతాబ్దపు రాయలసీమ మీద వచ్చిన ఈ నవలకు 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. "సీమంటే సినిమావాళ్లు బాంబులూ సుమోలే చూపిస్తిరి. మాకూ ఒక చరిత్ర ఉండాదని అచ్చులో చూసుకుంటే అదోమాదిరిగా ఉంది" అన్నాడు.

నచ్చకపోతే చెప్పొద్దా?

అన్నీ పొగడ్తలే వచ్చాయనుకోకండి. మెట్రోలో రోజూ కనిపించే సాఫ్ట్‌వేర్ అమ్మాయి బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' చదువుతోంది. "సగంలో ఆగిపోయానండీ. ఆ దయానిధి భుజాలు పట్టుకుని ఊపేయాలనిపిస్తోంది. తల్లి మీద పడిన నింద అతన్ని వెంటాడుతోందని అర్థమైంది. కానీ ఇంత ఆలోచించేవాడు ఒక్క నిర్ణయమూ టైముకి తీసుకోడేంటి?" అని విసుక్కుంది. మరి పుస్తకం ఇంట్లో పడేశారా అంటే, బ్యాగులోంచి తీసి చూపించింది. రెండు వారాలుగా రోజూ మోస్తోందట! మోసినన్నాళ్లూ ఆ పుస్తకంతో ఆమె దెబ్బలాట నడుస్తున్నట్టే.

ఇంకో ఇంట్లో తల్లీకూతుళ్ల మధ్య చలం 'మైదానం' మీద యుద్ధమే జరిగింది. 1920ల నాటి నవల. భర్తని వదిలి అమీర్‌తో వెళ్లిపోయిన రాజేశ్వరి కథ. తల్లి ఆ పుస్తకాన్ని ఇంటర్లో కెమిస్ట్రీ టెక్స్ట్‌బుక్కు మధ్యలో దాచుకుని చదివిందట. ఆవిడకు రాజేశ్వరి అంటే ఇప్పటికీ ధైర్యానికి మరో పేరు. కూతురు హాల్లో టీవీ పక్కనే కూర్చుని చదివేసింది. "గడప దాటింది సరే అమ్మా. దాటి ఏం చేసింది? అక్కడా ఆ అమీర్ కోపానికీ సరదాలకీ తగ్గట్టే నడుచుకుంది కదా. నేనైతే వారం ఉండను" అంది. "నువ్వు ఆ మాట అనగలుగుతున్నావంటే ముందు ఆవిడ గడప దాటబట్టే" అంది తల్లి. ఎవరు గెలిచారో నన్నడక్కండి. దాచుకుని చదివిన తరమూ, దాచుకోవాల్సిన అవసరం లేని తరమూ ఒకే పుస్తకం పట్టుకుని మాట్లాడుకోవడం చూశాక తీర్పు చెప్పాలనిపించలేదు.

వెయ్యి కాపీల సంగతి

ఇదంతా కాలక్షేపం కబుర్లేగా అంటారా? ఒక లెక్క చూడండి. తెలుగు మాట్లాడేవాళ్లం ఎనిమిది కోట్లకు పైనే. ఓ కొత్త కథల సంపుటి వేస్తే మాత్రం సాధారణంగా వెయ్యి కాపీలు, ఒక్కోసారి అయిదొందలు. చాలా పుస్తకాలకు రచయితే పెట్టుబడిదారు, రచయితే పార్శిల్ కట్టే గుమస్తా. సినిమాకున్నట్టు పోస్టర్లుండవు, సబ్బుకున్నట్టు టీవీ ప్రకటనలుండవు. అలాంటి పుస్తకం నాలుగు కాలాలు బతకాలంటే దారి ఒక్కటే, చదివినవాళ్లు పక్కవాళ్లకు చెప్పాలి. ఆ చెప్పడం ఆగితే అచ్చయిన వెయ్యీ అటకెక్కుతాయి.

చెప్పుకోవడం మనకేమీ కొత్త కాదు. 1935లో పెదపాలెం గ్రంథాలయంవాళ్లు కృష్ణా కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పారు. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918 నుంచీ, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 నుంచీ ఉన్నాయి. ఆ తర్వాత వీధి మలుపుల్లో అద్దె లైబ్రరీలు వచ్చాయి. అక్కడ రిజిస్టరు రాసే కుర్రాడే ఊరందరికీ విమర్శకుడు. 'ఇది తీసుకెళ్లకండక్కా, చివర్లో చంపేస్తాడు' అని ముందే హెచ్చరించేవాడు! వారపత్రికలో సీరియల్ వస్తే ఇంట్లో ఒకరు చదవడం, నలుగురు వినడం, వారమంతా వాదించుకోవడం. ఆ అద్దె లైబ్రరీలు దాదాపు పోయాయి. ఆ వారపత్రికల్లో చాలావరకు మూతపడ్డాయి. పుస్తకాలు ఇప్పటికీ వస్తున్నాయి. డిసెంబరులో హైదరాబాదు, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలకు జనమూ వస్తున్నారు. సంచులు నింపుకుని వెళ్లినవాళ్లు ఆ తర్వాత ఏమనుకున్నారో మాత్రం తెలియడం లేదు. కాఫీ కప్పు పక్కన అట్ట ఫొటో తీసి ఫోన్లో పెడుతున్నారు. అట్ట అందంగానే ఉంటుంది. లోపల ఏముందో కూడా ఒక ముక్క చెబితే కదా, చూసినవాడు కొనాలో వద్దో తేల్చుకునేది!

'మరి మీరేం చదువుతున్నారు?' అని మీరూ అడగొచ్చు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి 'అనుభవాలూ - జ్ఞాపకాలూనూ'. సంస్కృత పాండిత్యం వంశంలోనే ఉన్న ఇంట్లో పుట్టి, ఇంట్లోవాళ్లకు ఇష్టం లేకపోయినా తెలుగు రచన పట్టుకున్న మనిషి ఆత్మకథ. నూట ముప్ఫయ్యో పేజీలో ఉన్నాను. పైకి చదివితేనే దాని రుచి తెలుస్తోంది. వాక్యాలు పొడుగ్గా ఉంటాయి. కొన్నిచోట్ల పేర్లూ చుట్టరికాలూ ఎక్కువై ఎవరు ఎవరికి ఏమవుతారో వెనక్కి తిప్పి చూసుకోవాల్సి వస్తోంది. కానీ గోదావరి జిల్లా ఇళ్లల్లో ఆడవాళ్లు మాట్లాడే తెలుగు చెవిలో పడ్డాక, అది వదిలి టీవీ పెట్టాలంటే మనసొప్పడం లేదు.

ఇక మీ వంతు. పెద్ద సమీక్షలు అక్కర్లేదు. ఎక్కడ ఆగారో, ఎవరి మీద కోపమొచ్చిందో, ఎవరికి ఫోన్ చేయాలనిపించిందో చెబితే చాలు. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో చెప్పండి, పుస్తకానికి అదీ ఆయుష్షే. కొనే స్తోమత లేకపోతే దగ్గర్లోని శాఖా గ్రంథాలయానికి వెళ్లండి. మన ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం. ఫలానా పుస్తకం తెప్పించండని దర్జాగా అడగొచ్చు.

అరువిచ్చిన పుస్తకం తిరిగిరాదని చాలామంది బాధ. రాకపోతే పోనివ్వండి, ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు చదువుతుంటారు. తీసుకెళ్లినవాళ్లు కనిపిస్తే పుస్తకమేదని నిలదీయకండి. ఎన్నో పేజీలో ఉన్నారని అడగండి.