ఏటేటా పెరిగిన అంగీ

హన్నా పేరు వినగానే మనకు ఆమె కన్నీటి ప్రార్థనే జ్ఞాపకం వస్తుంది. బిడ్డ పుట్టిన తరువాతి సంగతి మీద ప్రసంగాలు తక్కువే. మొదటి సమూయేలు 2వ అధ్యాయంలో ఒక చిన్న మాట ఉంది. పాలు విడిచిన కొడుకును షిలోహులో యాజకుడైన ఏలీ దగ్గర విడిచి వచ్చిన ఆ తల్లి, ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి, బలి అర్పించడానికి భర్తతో వెళ్ళినప్పుడు తీసుకుపోయి ఇచ్చేది.

కుట్టుపని తెలిసిన అక్కలను అడగండి, మనిషి ఎదుట లేకుండా బట్ట కత్తిరించడం ఎంత కష్టమో చెబుతారు. ఈపాటికి ఎంత ఎదిగాడో, భుజాలు ఎంత వెడల్పయ్యాయో రామాలో కూర్చుని మనసులోనే కొలుచుకోవాలి గదా! ఆమెకు తరువాత ముగ్గురు కుమారులు, ఇద్దరు కుమార్తెలు పుట్టారు. ఇంటినిండా పిల్లలున్నా పెద్దవాడి కొలత ఆ తల్లి మరచి ఉంటుందని మనము అనుకోలేము.

మన పల్లెల్లోనూ ఇటువంటి తల్లులు ఎందరో. మిషను బోర్డింగుల కాలం నుండి మన పిల్లలు ఇల్లు విడిచి చదువుతూనే ఉన్నారు. 1971లో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల మొదలైంది. ఆ తరువాత అటువంటివి ఎన్నో వచ్చాయి. ఆదివారం హాస్టలు గేటు దగ్గర చూడండి. స్టీలు క్యారియరు, పచ్చడి సీసా, కొత్త చొక్కా. తండ్రి ఎక్కువ మాట్లాడడు. చొక్కాను కొడుకు భుజాలకు పట్టి చూసి, "వచ్చే ఏడుకు కూడా సరిపోద్దిలే" అంటాడు. పది నిమిషాలు కాకముందే పిల్లవాడు స్నేహితుల దగ్గరకు పరుగెత్తుతాడు.

చంటిబిడ్డను ప్రేమించడం సులభమని మా ఉద్దేశం. ఎత్తుకోవడానికి, అన్నం కలిపి పెట్టడానికి చేతులకు పని ఉంటుంది. ఎదిగిన బిడ్డ విషయంలో ఆ పని ఉండదు, ఆరాటం మాత్రం మిగులుతుంది. కొడుకు పట్నం నుండి ఫోన్ చేస్తే, "మాకేం నాయనా, బాగానే ఉన్నాం, నువ్వు తిన్నావా?" అంటారు. మోకాళ్ళ నొప్పి సంగతీ, ఎండిన మిరపచేను సంగతీ నోట రానివ్వరు.

పాత కొలతతోనే కుట్టేవారూ మనలో లేకపోలేదు. ముప్పై ఏండ్ల కొడుకు జీతం లెక్క అడుగుతారు, కోడలికి ఏం కొన్నాడో ఆరా తీస్తారు. పదేండ్ల పిల్లవాని అంగీ అతనికి తొడగబోతే చినిగేది అంగీయే.

మరికొందరు ప్రేమకొద్దీ ఉన్న ఇల్లూ, ఎకరమూ పిల్లల పేర రాసిచ్చేస్తారు. మమ్మును చూడాలి అనే షరతు ఆ పత్రంలో రాయించుకోవడం ప్రేమ తక్కువై కాదు. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో చట్టం వచ్చింది. ఆ షరతు ఉండి, పిల్లలు దాన్ని తప్పితే, పత్రం రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. పోషణ ఖర్చు కోసం కూడా అక్కడే అర్జీ పెట్టవచ్చు. అయినా ఆ మెట్లు ఎక్కడానికి ఎందరికి కాళ్ళు వస్తాయి? సంఘపెద్దలు కూర్చోబెట్టి అర్జీ రాయిస్తుంటే, వేలిముద్ర వేయబోయే తల్లి మొదట అడిగే మాట ఒకటే: "దీనివల్ల వాడి ఉద్యోగానికి ఏం కాదుగదా అయ్యగారూ?"