‘దిస్’ని ‘దట్’ చెయ్యమనే ముందు ఎందుకో చెప్పండి



పోస్టు పొడుగ్గా ఉంటుంది, ముందే చెప్తున్నా. మొన్న మన గ్రూపులో ఒక అన్న ‘డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ - ఒక్క పేజీలో అన్ని రూల్స్’ అని ఒక టేబుల్ పెట్టాడు. కింద చాలామంది దండాలు పెట్టారు. అన్న మన మంచి కోరే పెట్టాడు, ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు. నా కోపం ఆ టేబుల్ మీద. అదే టేబుల్ పట్టుకుని ఈ ఎండాకాలం సెలవుల్లో మా ఇంటి భూమి కాగితాన్ని నా చేతులతో నేనే పాడు చెయ్యబోయాను. ఆ సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నా.

మా ఇంట్లో కాలేజీ మెట్లు ఎక్కినవాణ్ణి నేనే మొదటి. ఇంట్లో కోయ, ఆశ్రమ పాఠశాలలో తెలుగు, డిగ్రీకి వచ్చాక అంతా ఇంగ్లీష్ మీడియం. మనలో చాలామందిది ఇదే కథ కదా. మొదటి ఏడాది ఇంగ్లీష్ క్లాసులో సార్ ఒక వాక్యం ఇచ్చారు: రాము సెడ్, “ఐ విల్ కమ్ టుమారో.” దీన్ని మార్చమన్నారు. నేను రాసింది: రాము సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో. సార్ నా పేపర్ పైకెత్తి గట్టిగా చదివి, “వచ్చేది రామునా, నువ్వా?” అని అడిగారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఇంకేం చెయ్యాలి.

ఆ రాత్రి హాస్టల్లో కూర్చుని ఎక్కాల్లాగా బట్టీ పట్టాను. ఈజ్ ఉంటే వాజ్, విల్ ఉంటే వుడ్, హావ్ ఉంటే హాడ్, నౌ ఉంటే దెన్, హియర్ ఉంటే దేర్, దిస్ ఉంటే దట్, టుమారో ఉంటే ద నెక్స్ట్ డే. తర్వాతి టెస్టులో 5కి 5 వచ్చాయి. నాకు ఇంగ్లీష్ వచ్చేసిందనుకున్నా.

ఇప్పుడు నా మొదటి తప్పు దగ్గరికి రండి. తెలుగులో ఏమంటాం? “రాము రేపు వస్తానని చెప్పాడు.” ఇందులో ‘వస్తాను’ ఎవరి మాట? నాది కాదు, రాముది. తెలుగు రాము మాటని అతని నోట్లో ఉన్నట్టే తెచ్చి చివర ‘అని’ తగిలిస్తుంది. ‘వస్తాను’ అన్నది ‘వచ్చేవాడు’ అయిపోదు, ‘రేపు’ అన్నది ‘మర్నాడు’ అయిపోదు. మా కోయలో కూడా మాట చెప్పాక ‘అని’ లాంటిది వెనక వస్తుంది. చిన్నప్పటి నుంచి మనం వందల మాటలు ఒకరి దగ్గర నుంచి ఇంకొకరికి మోసినవాళ్లమే. “అమ్మ అన్నం తినడానికి రమ్మంటోంది” అని పొలం దాకా పరిగెత్తి చెప్పిన ప్రతి పిల్లాడికీ ఇన్‌డైరెక్ట్ స్పీచ్ వచ్చు.

అంటే ఆ రోజు నేను రాసింది తెలివితక్కువ వాక్యం కాదు. తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీష్ మాటల్లో రాశాను. ఇంగ్లీష్‌లో అది తప్పే, ఒప్పుకుంటా. కానీ “మీ భాష ఇట్లా చేస్తుంది, ఇంగ్లీష్ అట్లా చేస్తుంది, తేడా ఇదీ” అని ఒక్క నిమిషం చెప్పి ఉంటే నవ్వాల్సిన పనే లేదు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం సవరలోనే పుస్తకాలు తయారు చేశారు. 1931లో సవర భాష మీద ఆయన పుస్తకం అచ్చయింది. పిల్లాడి నోట్లో ఉన్న భాష నుంచి మొదలు పెట్టాలని ఆయనకి అప్పుడే తెలుసు. మనకి ఇప్పటికీ టేబులే దిక్కు.

ఇంగ్లీష్ చేసే పని ఏంటంటే, మాటని మోసుకొచ్చినవాడిని మధ్యలో నిలబెడుతుంది. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నవన్నీ అతను నిలబడిన చోటు నుంచి కొలుస్తుంది. అందుకే రాము ‘ఐ’ నా నోట్లో ‘హీ’ అవుతుంది. టేబుల్లో ఉన్న రూల్స్‌లో ఎక్కువ భాగం ఈ ఒక్క సంగతిలోంచే వచ్చాయి. ఇది తెలిస్తే టేబుల్ ఎక్కడ పనికిరాదో కూడా తెలుస్తుంది. రాము పొద్దున చెప్పిన మాట నేను అదే సాయంత్రం చెప్తుంటే, రాము సెడ్ దట్ హీ వుడ్ కమ్ టుమారో అనొచ్చు, ఎందుకంటే రేపు ఇంకా రేపే. అతను ‘హియర్’ అన్న చోటే నేనూ నిలబడి ఉంటే ‘హియర్’ ‘దేర్’ కానక్కర్లేదు. అతను చెప్పిన విషయం ఇప్పటికీ నిజమైతే క్రియని వెనక్కి నెట్టి తీరాలన్న రూలేమీ లేదు.

టేబుల్ ఈ చివరిదాన్ని ఒక్కచోటే ఒప్పుకుంటుంది: ‘యూనివర్సల్ ట్రూత్ అయితే మారదు’ అని. భూమి సూర్యుడి చుట్టూ తిరగడం ఒక్కటే మారని నిజమట. మరి మా నాన్న ఈ రోజుకీ ఆ చేను దున్నుతున్నాడన్నది నిజం కాదా?

అక్కడికే వస్తున్నా. మా పోడు భూమికి పట్టా కోసం పెట్టుకున్న దరఖాస్తు పై కమిటీలో ఆగిపోయింది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం మనలాంటి షెడ్యూల్డ్ తెగలవాళ్లు 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి ఆ భూమి మీద ఉన్నామని చూపించాలి. సాక్ష్యం కాగితాలే కానక్కర్లేదు. దరఖాస్తుదారు కాని ఊరి పెద్దలు చెప్పిన మాటని రాసి పెడితే అది కూడా సాక్ష్యమని 2008 నియమాల్లో ఉంది. ఇది మన అందరికీ తెలియాల్సిన సంగతి. చదువురాని ముసలాయన నోటి మాటకి చట్టం విలువ ఇచ్చింది. కానీ ఆ మాట కాగితం మీదికి రావాలి. అంటే ఎవరో ఒకరు దాన్ని మోసుకురావాలి.

మాకు వరసకి తాత అయ్యే ఒక పెద్దాయన కోయలో చెప్పాడు. దాని సారం ఇది: “ఈ చేను వీళ్ల నాన్న కాలం నుంచి వీళ్లే దున్నుతున్నారు. ఈ గట్టు రాళ్లు మోసినప్పుడు నేనూ ఉన్నాను.” దాన్ని ఇంగ్లీష్‌లో కూడా రాసి పంపమని వకీలు అక్క అడిగింది. ఇంట్లో డిగ్రీ చదివేవాణ్ణి నేనేగా. గర్వంగా కూర్చుని టేబుల్ ప్రకారం మార్చాను: ది ఎల్డర్ సెడ్ దట్ దే హాడ్ బీన్ కల్టివేటింగ్ దట్ ల్యాండ్ సిన్స్ దెయిర్ ఫాదర్స్ టైమ్. హావ్ బీన్ హాడ్ బీన్ అయింది, దిస్ దట్ అయింది. పరీక్షలో అయితే ఫుల్ మార్కులు.

మర్నాడు అక్క ఫోన్ చేసింది. “తమ్ముడూ, మీ వాళ్లు ఇప్పుడు సాగులో లేరా?”

“ఉన్నారక్కా, నాన్న ఇప్పుడు కూడా చేలోనే ఉన్నాడు.”

“మరి ‘హాడ్ బీన్’ అని రాశావేం? అట్లా రాస్తే ఇంకా చేస్తున్నారో, ఎప్పుడో ఆపేశారో తేలదు. మనకి అదే తేలాలి. ‘దట్ ల్యాండ్’ అంటే ఏ భూమి? ఆయన ఈ చేలో నిలబడి చెప్పాడు కదా?”

“అది రూల్ అక్కా” అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, “రూల్ ప్రకారం తప్పు కాదులే నాన్నా. కానీ ఆయన చెప్పింది ఇది కాదు” అంది.

ఆ మాట ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. నేను మార్కుల కోసం నేర్చుకున్న టేబుల్, మా నాన్నని ఆయన భూమి మీద నుంచి ఒక అడుగు వెనక్కి నెట్టింది. మళ్లీ రాశాను: ది ఎల్డర్ సేస్ దట్ దే హావ్ బీన్ కల్టివేటింగ్ దిస్ ల్యాండ్... ‘దిస్’ని ‘దిస్’ లాగే ఉంచాను. దరఖాస్తు ఇంకా నడుస్తోంది. ఏమవుతుందో చూడాలి.

ఇంకో సంగతి. ‘సెడ్ టు’ని ఏ మాటగా మార్చాలో క్లాసులో ఎట్లా చెప్తారు? పెద్దవాళ్లు చిన్నవాళ్లతో అంటే ‘ఆర్డర్డ్’, చిన్నవాళ్లు పెద్దవాళ్లతో అంటే ‘రిక్వెస్టెడ్’. ఉదాహరణల్లో ఎప్పుడూ ఒక యజమాని, ఒక పనివాడు. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అని ముందే తేల్చేసి, తర్వాత మాట వినడం. ఇదే అలవాటుతో రాసేవాడు మన ఊరి కాగితం రాస్తే ఏమవుతుంది? ‘గ్రామస్తులు వేడుకున్నారు’ అని రాస్తాడు. అటవీ హక్కుల చట్టం 6వ సెక్షన్ చూడండి. హక్కులు తేల్చే పని మొదలుపెట్టే అధికారం గ్రామసభదే, తీర్మానం చేసి పైకి పంపేదీ గ్రామసభే. అక్కడ సరైన మాట ‘రిక్వెస్టెడ్’ కాదు, ‘రిజాల్వ్‌డ్’. తీర్మానించింది. ఒక్క క్రియలో మన స్థానం మొత్తం ఉంది.

పోలీస్ స్టేషన్లోనూ ఇదే పని జరుగుతుంది. మనం నోటితో చెప్పిన ఫిర్యాదుని వాళ్లు రాసుకుంటారు. రాసింది మనకి చదివి వినిపించాలని, కాపీ ఉచితంగా ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఇప్పుడది భారతీయ నాగరిక సురక్షా సంహితలో 173వ సెక్షన్. ఎందుకు పెట్టారు ఆ నియమం? మాట మోసేవాడి చేతిలో మాట మారిపోతుందని తెలుసు కాబట్టే. ఇది క్లాసులో పాఠంగా చెప్తే, ఏ పిల్లాడికైనా ఆ చాప్టర్ నిద్ర తెప్పిస్తుందా?

కొందరు అంటారని తెలుసు: “ఇదంతా బాగానే ఉంది తమ్ముడూ, ఎస్ఎస్సీ పేపర్లో నరేషన్ బిట్లు వస్తే ఏం చేస్తావ్?” టేబుల్ ప్రకారమే పెడతా. ఉద్యోగం నాకూ కావాలి. పరీక్ష అడిగింది పరీక్షకి ఇద్దాం. నేను వద్దంటున్నది టేబుల్‌ని కాదు, టేబుల్ ఒక్కటే ఇంగ్లీష్ అనుకోవడాన్ని. ఇంకొందరు లెక్చరర్ల తరఫున మాట్లాడతారు: క్లాసులో అంతమంది పిల్లలు, సిలబస్ అవ్వదు అని. అదీ నిజమే. కానీ ‘దిస్’ని ‘దట్’ చెయ్యమని చెప్పడానికి ఎంత టైమ్ పడుతుందో, “చెప్పేవాడు ఎక్కడ నిలబడ్డాడో చూసి మార్చండి” అని చెప్పడానికీ అంతే పడుతుంది. మన వాళ్లలోనే ఇంకొందరు, “మనోళ్లకి గ్రామర్ ఎక్కదు, బట్టీయే దారి” అంటారు. ఈ మాట మీదే నాకు అన్నిటికన్నా ఎక్కువ మంట. రెండు మూడు భాషలు రోజూ మాట్లాడే పిల్లలకి గ్రామర్ ఎక్కదా?

కాబట్టి సీనియర్ అన్నలకి, అక్కలకి నా విన్నపం. కాదు, మార్చి రాస్తా: నా డిమాండ్. జూనియర్లకి టేబుల్ పంపేటప్పుడు దాని మీద మూడు ప్రశ్నలు కూడా రాయండి. చెప్పింది ఎవరు, మోస్తున్నది ఎవరు? ఆ చోటు, ఆ రోజు ఇంకా అదేనా? ఆ మాట ఇప్పటికీ నిజమేనా? ఉదాహరణలకి యజమానిని, పనివాణ్ణి పక్కన పెట్టి మన ఊరి మాటలు తీసుకోండి. సంతలో మాట, గ్రామసభలో మాట, హాస్టల్ వార్డెన్ దగ్గర మనం చెప్పే మాట. ముందు మన భాషలో చెప్పించి, తర్వాత ఇంగ్లీష్‌లోకి తెండి. తప్పు రాసినవాడిని చూసి నవ్వకండి.

ఎందుకంటే మనలో ప్రతి ఒక్కరం ఏదో ఒక రోజు మన ఊరి మాటని మోసుకెళ్లి ఏదో ఒక ఆఫీసు బల్ల మీద పెట్టాల్సినవాళ్లమే. ఆ రోజు ఆ మాట తాత నోట్లో ఎట్లా ఉందో బల్ల మీద కూడా అట్లాగే ఉండాలి.

తప్పులుంటే కామెంట్లో చెప్పండి, దిద్దుకుంటా. జోహార్.

- ఒక హాస్టల్ విద్యార్థి, డిగ్రీ సెకండ్ ఇయర్